ఆడపడుచుకు పీట, కోడలికి పొయ్యి: సమోవాలో మహిళల హక్కుల చిక్కుముడి

2021 మే 24న సమోవా రాజధాని అపియాలో పార్లమెంటు తలుపులకు తాళం వేశారు. ఎన్నికల్లో గెలిచామన్న పార్టీ సభ్యులు బయట పచ్చికలో టెంటు వేసుకుని అందులోనే ప్రమాణ స్వీకారం చేశారు. వాళ్ల నాయకురాలు ఫియామే నయోమీ మాతాఫా. ఆ దేశానికి తొలి మహిళా ప్రధాని కావలసిన మనిషి. ఆమెను అడ్డుకోవడానికి వాడిన ఎత్తుల్లో మొదటిది ఏమిటో తెలుసా? మహిళా కోటా. చట్టసభలో ఆడవాళ్ల సంఖ్య పెంచాలని రాజ్యాంగంలో రాసుకున్న నిబంధనే ఓ మహిళకు కుర్చీ దక్కకుండా చేయడానికి అక్కరకొచ్చింది.

బయటి పత్రికలు దీన్ని ఆడ, మగ పోరుగా రాశాయి. సంప్రదాయం ఒకవైపు, ఆధునికత మరోవైపు అన్న మూసలో కూడా పోశాయి. రెండూ సగం నిజాలే. అసలు ముడి ఎక్కడుందో చూడాలంటే పార్లమెంటు నుంచి కాస్త దూరం వెళ్లి ఊళ్లలోకి నడవాలి.

సమోవా పసిఫిక్‌లో ఉన్న చిన్న దేశం. ఉపోలు, సవాయి అని రెండు పెద్ద దీవులు. జనాభా రెండు లక్షల పైచిలుకు, మన దగ్గర ఓ మోస్తరు పట్టణమంత. (పక్కనే ఉన్న అమెరికన్ సమోవా వేరు, దాని సంగతి ఇక్కడ కాదు.) 1962 జనవరి 1న స్వతంత్రం వచ్చింది. పసిఫిక్ దీవుల్లో మొదట విముక్తమైంది అదే. రాజ్యాంగంలోని 15వ అధికరణం లింగ వివక్షను నిషేధిస్తుంది. మహిళలపై వివక్షను రూపుమాపడానికి ఐక్యరాజ్యసమితి తెచ్చిన ఒడంబడికను ఆ ప్రాంతపు దీవి దేశాల్లో అందరికంటే ముందు, 1992లోనే ఆమోదించింది. భార్యపై బలాత్కారం కూడా నేరమేనని 2013 నేర చట్టంలో రాసుకుంది. మన దేశంలో ఆ మాట చట్టంలోకి ఇంకా ఎక్కలేదు. బడుల్లో ఆడపిల్లలు మగపిల్లలకంటే ముందుంటారు, ప్రభుత్వ శాఖల్లో పెద్ద అధికారిణులు చాలామంది కనిపిస్తారు. కాగితం మీద చూస్తే ఇబ్బంది ఏముందని అనిపిస్తుంది.

ఇబ్బంది కాగితం మీద లేదు. ఎంపీగా పోటీ చేయాలంటే ముందు మాతాయి కావాలి. మాతాయి అంటే ఒక పెద్ద కుటుంబానికి పెద్ద, ఆ కుటుంబపు బిరుదు మోసే మనిషి. ప్రతి కుటుంబానికీ తరతరాలుగా వస్తున్న బిరుదులు ఉంటాయి, అవి పేరుకు ముందు చేరతాయి. ఫియామే అన్నది కూడా అలాంటి బిరుదే, ఆమె అసలు పేరు నయోమీ. బిరుదు ఎవరికివ్వాలో కుటుంబం కూర్చుని తేలుస్తుంది. తేలకపోతే భూములు, బిరుదుల కోర్టు ఒకటుంది. దాని మూలాలు జర్మన్ల పాలనలో, 1903లో ఉన్నాయి. ఊళ్లోని మాతాయిలంతా కలిస్తే ఫోనో, అంటే ఊరి సభ. జరిమానాలు వేసేది, కట్టుబాట్లు పెట్టేది, ఒక్కోసారి ఊరి నుంచి వెలివేసేది కూడా ఆ సభే. దేశంలో సుమారు 80 శాతం నేల కుటుంబాల ఉమ్మడి సొత్తు, దాని పెత్తనం మాతాయిలది.

బిరుదు మగవాళ్లకే అని దేశ చట్టం ఎక్కడా అనదు. ఆడవాళ్లకూ ఇవ్వొచ్చు, ఇస్తున్నారు కూడా. అయినా మాతాయిల్లో ఆడవాళ్లు పదింట ఒకరు. ఊళ్లో ఉంటూ ఫోనోలో కూర్చునేవాళ్లు అంతకంటే తక్కువ. మహిళా మాతాయిల్లో చాలామంది అపియాలోనో విదేశాల్లోనో ఉద్యోగాలు చేసే చదువుకున్నవాళ్లు, కుటుంబానికి పేరు తెచ్చారని బిరుదు కట్టబెట్టినవాళ్లు. కొన్ని ఊళ్లయితే మహిళా మాతాయిని అసలు గుర్తించమని తేల్చి చెబుతాయి. కుటుంబం ఇచ్చినా ఊరు ఒప్పుకోదు.

ఎందుకు ఒప్పుకోదని అడిగితే వచ్చే జవాబు బయటివాళ్లను గందరగోళపెడుతుంది. ఆడవాళ్లు తక్కువ అని ఎవరూ అనరు. వాళ్లు మాకంటే ఎక్కువ అంటారు.

అది బుకాయింపు కాదు. సమోవా సమాజానికి మూలస్తంభం అన్నాచెల్లెళ్ల మధ్య ఉండే ఒప్పందం. చెల్లెలు అన్నకు కంటిపాప అని వాళ్ల సామెత. అన్న ఆమెను కాపాడాలి, ఆమె మాట జవదాటకూడదు, ఆమె ఉసురు పోసుకోకూడదు. బిరుదు ఎవరికివ్వాలన్న చర్చలో అక్కచెల్లెళ్ల సంతతికి చెప్పుకునే హక్కు ఉంటుంది. ఆ ఊళ్లో పుట్టిన ఆడబిడ్డలందరిదీ ఒక వర్గం, దాన్ని అవలూమ అంటారు. ఊరి గౌరవం వాళ్లదే అన్నట్టు ఉంటుంది. పురాణాల్లో నఫనూవ యుద్ధదేవత. దీవుల్లోని నాలుగు అత్యున్నత బిరుదులనూ తొలిసారి ఒక్కచోట చేర్చింది సాలమసీన అనే రాణి. ఇంత ఎత్తున నిలబెట్టిన చెల్లెలిని మగవాళ్లు మోటు జోకులు వేసుకునే, అరుచుకునే సభలో కూర్చోబెట్టడం మర్యాద కాదని ఊరి పెద్దలు అంటారు. ఆమె ఎదురుగా ఉంటే మేం నోరు విప్పలేం అంటారు. గౌరవమే గడప బయట నిలబెడుతుందన్నమాట.

అదే మనిషి పెళ్లయి భర్త ఊరికి వెళ్తే సంగతి తిరగబడుతుంది. అక్కడ ఆమె ఎవరి చెల్లెలూ కాదు. భర్త కుటుంబంలో బతికే కోడలు, వాళ్ల మాటల్లో నోఫోతానే. భర్తకు బిరుదుంటే ఆయన హోదాలో కొంత ఆమెకూ దక్కుతుంది. లేకపోతే వంట, వడ్డన, అత్తింటివాళ్ల సేవ. ఊరి నిర్ణయాల్లో ఆమెకు నోరు లేదు, అత్తింటి భూమిలో ఆమెకు పాలు లేదు. భర్త పోతేనో, కొడితేనో, ఆమె భూమి పుట్టింటి ఊళ్లో ఉంది. మన ఇళ్లలో పసుపు కుంకుమ పెట్టించుకుని, కట్నకానుకలు అందుకునే ఆడపడుచు, తన అత్తింట్లో అడుగుపెట్టగానే అందరికంటే చివర అన్నం తినే కోడలైపోవడం తెలుగువాళ్లకు ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. కానీ అక్కడ ఈ తేడా ఇంటి గుట్టుగా ఆగిపోలేదు, ఊరి రాజ్యాంగంలోకే పాకింది.

ఇదంతా అనాదిగా వస్తున్నదేనా? కాదు. 1830లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జాన్ విలియమ్స్ సవాయిలోని సపపలీయిలో దిగాడు. కొన్ని దశాబ్దాల్లో దేశమంతా క్రైస్తవమైంది. మిషనరీలకు ఆడదంటే ముందు భార్య, ఆ తర్వాతే ఏమైనా. వాళ్ల బోధనలో చెల్లెలి స్థానానికి చోటు లేదు. అంతకంటే చిత్రమైన మార్పు ఇంకోటి జరిగింది. అన్నాచెల్లెళ్ల ఒప్పందానికి ఏ మాట వాడేవారో అదే మాటను ఊరి పాస్టరుకు వాడటం మొదలైంది. ఊరు కాళ్లు కడిగి నెత్తిన పెట్టుకోవలసిన పవిత్ర వ్యక్తి అక్కచెల్లెలు అన్నది పోయి, చాలావరకు పాస్టర్ అయ్యాడు. ఆ పాస్టర్ ఎప్పుడూ మగవాడే. దేశంలోకెల్లా పెద్దదైన కాంగ్రిగేషనల్ చర్చి ఆడవాళ్లకు పాస్టర్ దీక్ష ఇవ్వదు. గోడలు లేని పాత ఇళ్లలో భార్యను కొడితే నలుగురి కంటా పడేదని, గోడలు కట్టిన మిషన్ తరహా ఇళ్లు వచ్చాక ఆ చాటు కూడా దొరికిందని సమోవా పరిశోధకుల్లో వాదించినవాళ్లున్నారు. అంతా మిషనరీల మీదకి తోసేయడం నాకు నచ్చదు, పాతకాలం స్వర్గమేమీ కాదు. కానీ ఇవాళ సంప్రదాయం పేరుతో కాపాడుతున్న దాంట్లో సగం పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండ్ నుంచి ఓడలో వచ్చిందన్నది మాత్రం గుర్తుంచుకోవాలి.

ఇరవయ్యో శతాబ్దం కథ కూడా ఇంత సూటిగా లేదు. 1918 ఇన్‌ఫ్లుయెంజా తలూనే అనే ఓడలో వచ్చి, జనాభాలో సుమారు ఐదో వంతును పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాత 1920లలో ఊరూరా మహిళా కమిటీలు పుట్టాయి. పసిపిల్లల తూకం, నీళ్ల గుంటల శుభ్రం, ఇళ్ల తనిఖీ, మాట వినని ఇంటికి జరిమానా. పాలన అంటే ఇదే కదా, కానీ దానికి రాజకీయం అని ఎవరూ పేరు పెట్టలేదు, ఇప్పటికీ లెక్కల్లో అది కనిపించదు. 1929 డిసెంబర్ 28న, అప్పట్లో దేశాన్ని ఏలుతున్న న్యూజిలాండ్ పోలీసులు స్వాతంత్ర్య ఉద్యమకారుల ఊరేగింపుపై కాల్పులు జరిపి టుపువా తమసేసే లేయలోఫి అనే పెద్ద నాయకుణ్ని చంపారు. మగవాళ్లు అడవుల్లోకి వెళ్లిపోతే, 1930లో ఉద్యమాన్ని వీధుల్లో నడిపింది ఆడవాళ్లే. తమసేసే భార్య (ఆమె పేరు అలా) అందులో ముందు వరుసలో ఉంది.

స్వతంత్రం వచ్చాక ఓటు హక్కు మాతాయిలకే పెట్టుకున్నారు. ఆడ, మగ తేడా చట్టంలో లేదు, కానీ బిరుదులున్నవాళ్లలో దాదాపు అందరూ మగవాళ్లే. ఇక్కడ సంప్రదాయం ఎంత సాగుతుందో చూడండి. ఎన్నికలు వచ్చేసరికి అభ్యర్థులు తమ ఓట్లు పెంచుకోవడానికి పాత బిరుదులను ముక్కలు చేసి పంచారు, కొత్తవి పుట్టించారు. ఓటు కోసం పుట్టిన మాతాయిలకు జనం ఎగతాళి పేరు కూడా పెట్టారు. పవిత్రమని చెప్పిన వ్యవస్థను అవసరం పడితే ఎంతైనా సాగదీయొచ్చని అప్పుడే తేలిపోయింది. 1990 ప్రజాభిప్రాయ సేకరణలో, పెద్దగా తేడా లేని ఓట్లతో, 21 ఏళ్లు నిండినవాళ్లందరికీ ఓటు వచ్చింది. పోటీ చేసే హక్కు మాత్రం మాతాయిల దగ్గరే ఉండిపోయింది. అదే 1990లో ఊరి ఫోనోల చట్టం తెచ్చి, అంతవరకు ఆచారంగా ఉన్న ఫోనో అధికారానికి చట్టబలం ఇచ్చారు. ఆడవాళ్ల చేతికి ఓటు వచ్చిన ఏడాదే, వాళ్లు కూర్చోలేని సభ మరింత బలపడింది.

ఆ ఫోనో చట్టంలో ఒక సెక్షన్ గురించి పెద్దగా చర్చ జరగదు, జరగాలి. ఊరు ఎవరికైనా శిక్ష వేస్తే, అదే నేరం మీద కోర్టు శిక్ష ఖరారు చేసేటప్పుడు ఊరి శిక్షను లెక్కలోకి తీసుకుని తగ్గించాలి. దీనికి తోడు ఇఫోంగ అనే క్షమాపణ ఆచారం ఉంది. తప్పు చేసినవాడి కుటుంబ పెద్ద బాధితుల ఇంటి ముందు నాజూకు చాప కప్పుకుని తలవంచి కూర్చుంటాడు. వాళ్లు చాప తీస్తే క్షమించినట్టు. ఆ చాప అల్లేది ఆడవాళ్లే. నెలలు పట్టే ఆ పనితనాన్ని 2019లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. రెండు కుటుంబాల మధ్య రక్తపాతాన్ని ఆపిన చరిత్ర ఈ ఆచారానికి ఉంది, దాన్ని చులకన చేయలేం. చిక్కల్లా, బలాత్కారం కేసుల్లో కూడా చాప తీసేది కుటుంబ పెద్ద. దెబ్బ తిన్న అమ్మాయి ఒప్పుకుందా లేదా అని అడిగే ఘట్టమే ఆ తంతులో లేదు. ఆ క్షమాపణ తర్వాత కోర్టులో శిక్ష తగ్గించే కారణాల్లో ఒకటవుతుంది.

ఇళ్లలో హింస సంగతి దేశమే స్వయంగా తవ్వుకుంది. 2013లో కుటుంబ భద్రతా చట్టం వచ్చింది, ఆ తర్వాత కుటుంబ కోర్టు వచ్చింది. ఆ దేశపు అంబుడ్స్‌మన్, అంటే జనం ఫిర్యాదులు విచారించే అధికారి, బహిరంగ విచారణ పెట్టి 2018లో నివేదిక ఇచ్చారు. హింస మహమ్మారిలా పాకిందని అందులో మొహమాటం లేకుండా రాశారు. పరాయి దేశపు సంస్థ రాసి ఉంటే మా సంస్కృతిని అవమానించారని కొట్టిపారేసేవారు. తమ మాతాయిలే, తమ భాషలో, ఊరూరా తిరిగి విని రాసింది కనుక అలా తోసిపుచ్చడం కుదరలేదు.

ఇప్పుడు కోటాకు వద్దాం. 2013లో రాజ్యాంగాన్ని సవరించి చట్టసభలో కనీసం 10 శాతం మహిళలు ఉండాలన్నారు. మన పంచాయతీల్లోలా కొన్ని స్థానాలు ఆడవాళ్లకని కేటాయించలేదు. 49 మంది సభలో అయిదుగురు మహిళలు గెలిస్తే సరే. గెలవకపోతే, ఓడినవాళ్లలో ఎక్కువ శాతం ఓట్లు తెచ్చుకున్న మహిళలను అదనపు సభ్యులుగా చేరుస్తారు. ఏ మగవాడి స్థానమూ పోదు. అంత సాఫీగా ఆమోదం పొందడానికి కారణం అదేనని నాకనిపిస్తుంది. మన మహిళా రిజర్వేషన్ బిల్లు పార్లమెంటులో ఎన్ని ఏళ్లు నలిగిందో చూసినవాళ్లకు ఈ ఉపాయంలోని తెలివి అర్థమవుతుంది. 2016లో నలుగురు గెలిచారు, అయిదో ఆమెను చేర్చారు, సభ 50కి పెరిగింది.

తర్వాత సవరణలతో స్థానాలు 51 అయ్యాయి. 51లో పది శాతం 5.1. రాజ్యాంగ పాఠంలో మాత్రం పది శాతం పక్కన సందేహ నివృత్తి కోసం అని రాసిన 5 అంకె అలాగే మిగిలింది. 2021 ఏప్రిల్ 9 ఎన్నికల్లో ఫియామే నాయకత్వంలోని ఫాస్ట్ పార్టీకి 25, దాదాపు నలభై ఏళ్లుగా ఏలుతున్న పాలక పక్షానికి 25, ఒక స్వతంత్రుడు. గెలిచిన మహిళలు సరిగ్గా అయిదుగురు. స్వతంత్రుడు ఎటు మొగ్గుతాడా అని దేశమంతా చూస్తుండగా, ఎన్నికల కమిషనర్ ఆరో మహిళ కావాలంటూ పాలక పక్షం నుంచి ఒకామెను సభ్యురాలిగా ప్రకటించారు. స్వతంత్రుడు ఫాస్ట్‌లో చేరాడు. 26, 26. ప్రతిష్టంభన. దేశాధినేత మళ్లీ ఎన్నికలన్నారు. మే 17న సుప్రీంకోర్టు రెండింటినీ కొట్టేసింది, అయిదుగురు చాలన్నది. జూన్‌లో అప్పీలు కోర్టు సన్నటి గీత గీసింది. పది శాతం అంటే ఆరుగురే, పాలక పక్షం ఆ లెక్కలో తప్పు చేయలేదు. కానీ ఎన్నికల పిటిషన్లు, ఉప ఎన్నికలు ముగిశాకే ఆరో సభ్యురాలిని లెక్కించాలి, అందాకా ఆగాలి. జూలై 23న టెంటులో చేసిన ప్రమాణం చెల్లుతుందని అదే కోర్టు తేల్చాక ఫియామే ప్రధాని అయ్యారు.

ఈ తీర్పు నాకు నచ్చుతుంది. ఫియామే గెలవాలని కోరుకున్నవాళ్లకు అయిదే చాలనడం అప్పటికి లాభం. కానీ కోర్టు మహిళల సంఖ్యను పైకి సవరించి, దాన్ని రాజకీయ ఎత్తుగా వాడిన సమయాన్ని మాత్రం తప్పుబట్టింది.

ఫియామే కోటా వల్ల రాలేదన్నది కూడా చెప్పాలి. ఆమె తండ్రి దేశపు తొలి ప్రధాని. తల్లి లావులు ఫెతావి కూడా ఎంపీగా చేశారు. తండ్రి పోయాక బిరుదు కోసం కుటుంబంలో తగాదా వస్తే, వెల్లింగ్టన్‌లో చదువుకుని వచ్చిన ఇరవైలలోని అమ్మాయి భూములు, బిరుదుల కోర్టులో నెగ్గి దాన్ని దక్కించుకుంది. 1985లో లోతొఫంగా నుంచి ఎంపీ, 1991లో తొలి మహిళా మంత్రి. పెళ్లి చేసుకోలేదు. అంటే సమోవా లెక్కలో ఆమె జీవితమంతా కూతురిగా, చెల్లెలిగా ఉన్నారు తప్ప కోడలి స్థానంలోకి ఎప్పుడూ వెళ్లలేదు. పెద్దింటి బిరుదు, పుట్టినూరి స్థానం, రెండూ చెక్కుచెదరకుండా ఉన్నాయి. అలాంటి మనిషి ప్రధాని కావడాన్ని చూపించి సమోవా ఆడవాళ్లకు దారి తెరుచుకుందనడం తొందరపాటు. 2025లో ఆమె ప్రభుత్వం బడ్జెట్ ఓటింగ్‌లో ఓడింది, ఆగస్టు ఎన్నికల్లో ఆమె కొత్త పార్టీకి మూడు స్థానాలే వచ్చాయి. అది పార్టీ చీలిక కథ, మహిళ కాబట్టి ఓడారని తేల్చేయడం సరికాదు.

పక్క దేశం టోంగాతో పోలిస్తే సమోవా తీరు ఇంకా తేటపడుతుంది. టోంగాలో మేనత్తకు ఇచ్చే మర్యాద సమోవా చెల్లెలి మర్యాదను మించి ఉంటుంది, అంత్యక్రియల్లో, పెళ్లిళ్లలో ఆమెదే పెద్దపీట. కానీ భూమి వారసత్వం మగ సంతానానికే అని చట్టంలోనే ఉంది. 2015లో ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి ఒడంబడికను ఆమోదిస్తామని ప్రకటిస్తే, అబార్షన్లు, స్వలింగ వివాహాలు వచ్చిపడతాయని చర్చి బృందాలు వీధికెక్కాయి. ఊరేగింపుల్లో ఆడవాళ్లు కూడా పెద్ద సంఖ్యలో నడిచారు. ఆమోదం ఆగిపోయింది. అక్కడ గొడవ చట్టంలో కనిపిస్తుంది కనుక దేనిమీద పోరాడాలో తెలుసు. సమోవాలో చట్టం శుభ్రంగా ఉండి, ఊరు వేరేగా ఉంటుంది. ఇది ఎక్కువ కష్టమైన పరిస్థితని నా అభిప్రాయం.

అందుకే కోటాను పది నుంచి ఇరవై శాతం చేయాలా అన్న వాదనకంటే నాకు మోనోతంగ సంగతి ముఖ్యంగా కనిపిస్తుంది. పోటీ చేయాలంటే బిరుదు ఒక్కటే సరిపోదు. మాతాయి హోదాలో ఊరికి మూడేళ్లు వరుసగా సేవ, చందా, కానుకలు అందించి ఉండాలి, దాన్ని మోనోతంగ అంటారు. ఎన్నికల చట్టంలో పెట్టిన షరతు ఇది. ఊరికి దూరంగా అపియాలో బతుకుతూ చివరి నిమిషంలో వచ్చి వాలే అభ్యర్థులను ఆపడానికి పెట్టారు. ఉద్దేశం బాగానే ఉంది. కానీ మహిళా మాతాయిని గుర్తించని ఊళ్లో ఆమె ఎవరికి మోనోతంగ ఇస్తుంది, ఎవరు తీసుకున్నట్టు సంతకం పెడతారు? పెళ్లయి భర్త ఊళ్లో పదిహేనేళ్లు మహిళా కమిటీ నడిపి, పిల్లలకు టీకాలు వేయించి, ఊరి నీళ్ల పథకం చూసుకున్న మనిషి సేవ ఏ ఖాతాలో పడుతుంది? ఆమె బిరుదు పుట్టినూరిది, ఆమె చాకిరీ అత్తింటి ఊరిది. చట్టం ఈ రెండింటినీ ఒకే చోట చూపించమంటుంది.

మహిళా కమిటీలో చేసిన పనిని మోనోతంగగా లెక్కించాలని చట్టంలో ఒక వాక్యం చేర్చితే చాలావరకు తేలిపోతుంది. అది బయటి నుంచి తెచ్చిన భావన కాదు, ఆ కమిటీలు వాళ్లవే, వందేళ్ల వయసున్నవి. ఊరూరా ప్రభుత్వం నియమించే మహిళా ప్రతినిధులు ఇప్పటికే ఉన్నారు, ఎవరు ఏం చేశారో ధ్రువీకరించడానికి వాళ్లు చాలు. ఫోనోకు ఇది మింగుడు పడదు, ఎందుకంటే సేవను గుర్తించే అధికారం దాని చేతిలోంచి కొంత జారుతుంది. పార్లమెంటుకూ అంత సులువు కాదు. సవరణకు చేయెత్తవలసిన సభ్యుల్లో చాలామంది తమ మోనోతంగకు ఆ ఫోనోల నుంచే ధ్రువీకరణ తెచ్చుకుని పోటీ చేసినవాళ్లు, వచ్చే ఎన్నికలకు మళ్లీ తెచ్చుకోవలసినవాళ్లు.